పేస్‌మేకరు గలవారికి గుండెదడ
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగము)



నిన్నటినుండి మీరు ఇంటిపన్ను, మంచినీటి పథకము, మురుగు కాలువలు మున్నగు విషయములను గూర్చి వినుచున్నారు. వాని నడుమ గుండెదడను గూర్చి మేము మాటలాడ వచ్చుట మీలో కొందరికి వింతగా తోచియుండును. కార్యక్రమ పత్రమును చూచి కార్యదర్శిగారు సయితము "ఇది ఆసుపత్రిలో చెప్పవలసిన మాట గదండీ మాస్టారూ" అనిరి. ఆసుపత్రిలో చెప్పుచునే యున్నారు. కాని చెప్పు వేళకు రోగి మంచముమీద బెదరియుండును; ఇల్లు చేరునప్పటికి సగము మరచిపోవును. ఆ పిమ్మట ఏడాదిలో ఒకటి రెండు దినములు తప్ప తక్కినన్ని దినములును అతడు మన గ్రామములోనే, మన కండ్ల యెదుటనే యుండును. అతనికి సందేహము కలిగినప్పుడు మొదట అడుగునది అరుగుమీది వారిని గాని వైద్యుని గాదు. ఆ అరుగుమీది వారము మనమే గనుక ఈ మాట మనము తెలిసికొనవలసియున్నది.

మా పంచాయతీలో నేడు పేస్‌మేకరు అమర్చబడినవారు నలుగురున్నారు. వారిలో మేమొకరము. ఊరిలో దీనిని "గుండెకు బ్యాటరీ వేశారు" అందురు. ఒకప్పుడిది పట్టణములలోని ధనికులకు మాత్రమే అందు చికిత్స. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలై, పేరులు మారినను కొనసాగుచు వచ్చిన ప్రభుత్వ పథకమువలన నేడు కూలివారికిని అందుచున్నది. మీ పంచాయతీలలో విచారించినచో ఒకరో ఇద్దరో తప్పక కనబడుదురు.

మా సంగతి ముందుగా చెప్పెదము. 2018వ సంవత్సరము వేసవిలో కొమ్మమూరు కాలువ కట్టమీద నడచుచు, కాలు జారకయే, తల తిరుగకయే పడిపోతిమి. కన్ను తెరచునప్పటికి గొఱ్ఱెలకాపరి యొకడు మొగముమీద నీళ్లు చల్లుచుండెను. గుంటూరు తీసికొనిపోయిరి. అచ్చట నాడి నిమిషమునకు 36. నడుమ నడుమ నాలుగైదు సెకండ్లపాటు గుండె కొట్టుకొనుట మానివేయుచున్నదని వైద్యులు కాగితముమీద గీతలు చూపిరి.

గుండె కుడి కర్ణిక గోడలో చిన్న కణజాలపు ముద్ద యొకటి కలదు. కీత్, ఫ్లాక్ అను ఇద్దరు బ్రిటిషు శాస్త్రజ్ఞులు దీనిని 1907లో వర్ణించిరి. ప్రతి దెబ్బకును వలయు విద్యుత్ప్రేరణ అచ్చట పుట్టును. దినమునకు సుమారు లక్ష సార్లు పుట్టును. మాకు ఆ పుట్టుచోటు నీరసించినది. అందుచే ఎడమ భుజమునకు దిగువ, చర్మముక్రింద, ఇరువదియైదు గ్రాములో ముప్పది గ్రాములో తూగు టైటేనియము డబ్బీ నొకదానిని అమర్చిరి. దానినుండి రెండు సన్నని తీగలు రక్తనాళము గుండ గుండెలోనికి పోవును. ఎడ్లబండి తోలువాని చేతి ములుకోల యెట్టిదో ఆ డబ్బీ అట్టిది. ఎద్దు తనంతట తాను నడచునంతసేపు తోలువాడు ఊరకుండును, మందగించినచో పొడుచును. మా గుండె నిమిషమునకు 60 దెబ్బలకు తగ్గబోవునప్పుడు ఆ డబ్బీ సన్నని ప్రేరణ నంపును. అంతకంటె దానికి పని లేదు.

ఆ "అంతకంటె" అను మాటను మేము ఆరేండ్లు గ్రహింపలేదు.

ఇట్టి యంత్రమును మనుష్య దేహములో మొట్టమొదట అమర్చినది 1958 అక్టోబరు 8వ తేదీన, స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోములో. రోగి పేరు ఆర్నె లార్సన్. దినమునకు ఇరువది ముప్పది సార్లు స్పృహ తప్పుచుండిన అతని కొఱకు అతని భార్య వైద్యుల వెంటబడి, చేయము, చేయలేము అన్నవారిచే చేయించెను. ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరు బూటు పాలిషు డబ్బాను అచ్చుగా వాడి యంత్రమును పోతపోసెను. సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు దానిని అమర్చెను. ఆ మొదటి యంత్రము కొన్ని గంటలు మాత్రమే పనిచేసినది. అయినను లార్సన్ ఇరువదికి పైగా యంత్రములను మార్చుకొనుచు 2001 వరకు, ఎనుబదియారేండ్లు, బ్రదికెను. ఆ ఇంజనీరు 1996లోను, ఆ వైద్యుడు 2000లోను పోయిరి. రోగి వారిద్దరికంటెను వెనుక పోయెను. ఈ వృత్తాంతమును మేము చదివి, మాకిక గుండెవలన చింత లేదని ధైర్యముగా నుంటిమి. యంత్రము కాపలా యున్నది గదా!

2024 డిసెంబరులో, ధనుర్మాసపు చలిలో, ఒక రాత్రి రెండు గంటల వేళ మెలకువ వచ్చినది. రొమ్ములో, గోతములో దూరిన యెలుక కొట్టుకొన్నట్లు, ఒకటే దడ. దెబ్బకును దెబ్బకును నడుమ కొలత లేదు. మూడు దగ్గరగా, ఒకటి దూరముగా, మరల అయిదు దగ్గరగా. నొప్పి లేదు. ఆయాసము కొంచెము మాత్రమే. గుడి మైకు మ్రోగిన కొంతసేపటికి, ఎట్లు వచ్చినదో అట్లే పోయినది.

తెల్లవారినది. ఎవ్వరికిని చెప్పలేదు. మనుమరాలి పెండ్లి మాటలు జరుగుచుండెను. ఆ సమయమున ఆసుపత్రి మాట ఎత్తుటకు మనసొప్పలేదు. అంతకంటె లోపలి కారణము వేఱొకటి కలదు. యంత్రము చెడిపోయినదని చెప్పుదురేమో, మరల కోయుదురేమో యను భయము. చెప్పుటకు సిగ్గుగా నున్నది గాని, ఆ భయముచేతనే తొమ్మిది దినములు ఊరకుంటిమి. మూడవ దినమున మరల వచ్చినప్పుడు అరుగుమీద ఒకరికి మెల్లగా చెప్పితిమి. "మీకు మిషను ఉంది గదండీ, ఇంకా దడేమిటి? గ్యాసు అయ్యుంటుంది" అనిరి వారు. మరియొకరు జేబులోని సెల్‌ఫోనువలన అనిరి. ఊరి ఆర్.ఎం.పి. గారు గ్యాసు మాత్ర లిచ్చిరి. వారందరును మా మేలు కోరినవారే. మేమును వారితో ఏకీభవించితిమి. ఏల యనగా మాకు కావలసిన మాటయే వారు చెప్పిరి.

తొమ్మిదవ దినమున మూడవమారు వచ్చినప్పుడు మా యింటివారు మంచము ప్రక్కన దీపము వెలిగించి, మా మణికట్టు పట్టుకొని, గోడ గడియారము చూచుచు ఒక నిమిషము లెక్కించిరి. 124 వచ్చినది. "అరవైకి తగ్గకుండా చూసే మిషనని డాక్టరుగారు చెప్పారు. నూటయాభై అయితే ఆపుతుందని చెప్పారా?" అని యడిగిరి. చెప్పలేదు. ములుకోల మందగించిన ఎద్దును నడపును. బెదరి పరుగెత్తు ఎద్దును ఆపుట దానివలన గాదు. దానికి పగ్గము వలయును. (అతివేగమును గుర్తించి విద్యుదాఘాతముచే ఆపు యంత్రములు వేఱుగా కలవు. అవి వేఱు రోగులకు వేయునవి. మాకు వేసినది అది గాదు.)

మరునాడు గుంటూరు పోతిమి. మేము భయపడినట్లు కోయుట గీయుట యేదియు లేదు. అరచేతి యంత పరికరము నొకదానిని చొక్కాపైననే రొమ్ముమీద ఉంచిరి. ఎదుటనున్న తెరమీద లోపలి డబ్బీ తన దినచర్య నంతయు విప్పి చూపినది. మేము లేచిన రాత్రి దానిలో కలదు: ఆరంభము రెండు గంటల పదునొకండు నిమిషములు, అంతము అయిదు గంటల ఇరువది నిమిషములు. మేము గుర్తించిన దడలు మూడు. అది వ్రాసికొన్నవి పదునాలుగు. వానిలో ఒకటి నవంబరులో ఏడు గంటలసేపు నడచినది, ఆ దినమున మేము ఓటరు జాబితా సవరణ పనిమీద ఇల్లిల్లు తిరుగుచుంటిమి, ఏమియు తెలియలేదు.

ఈ జబ్బును వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషను అందురు. గుండె పై అరలైన కర్ణికలు కలసికట్టుగా ముడుచుకొనుట మాని, గాలికి ఆకులు వణకినట్లు వణకును. అప్పుడు దడ పుట్టవచ్చును, పుట్టకపోవచ్చును. భయము దడవలన కాదు. వణకుచున్న అరలో రక్తము నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ కదలి మెదడునకు చేరినచో పక్షవాతము. 2012లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశోధనలో, అరువదియైదేండ్లు నిండి రక్తపోటు గలిగి, గుండె యంత్రము క్రొత్తగా అమర్చబడిన 2580 మందిని గమనించిరి. వారిలో ఎవ్వరికిని ఈ జబ్బు ఉన్నట్లు అంతకుముందు తెలియదు. మొదటి మూడు మాసములలోనే 261 మంది యంత్రములలో కర్ణికల అతివేగము నమోదైనది. వారికి పక్షవాతపు ప్రమాదము తక్కినవారికంటె సుమారు రెండున్నర రెట్లు.

మా ప్రక్క యూరి రైతు ఒకరు, మా కంటె రెండేండ్లు చిన్నవారు, మావలెనే డబ్బీ ధరించినవారు. ఆయనకు దడ వచ్చుచు పోవుచుండెనని ఇంటిలో చెప్పినది ఆసుపత్రిలో చేరిన తరువాత మాత్రమే. నేడు ఆయన కుడిచేయి లేవదు, మాట తడబడును. ఆయన యంత్రములోను ఇట్టి దినచర్యయే వ్రాయబడి యుండెనట. రెండేండ్లుగా దానిని చదివించినవారు లేరు. మా తొమ్మిది దినములను తలచుకొన్నప్పుడెల్ల మాకు ఆయన కుడిచేయి కన్నులలో మెదలును.

మాకు రెండు మందులిచ్చిరి. ఒకటి గుండె వేగమును తగ్గించునది. యంత్రము లేనివారికి, అందును మావలె మందగతి గుండె గలవారికి, ఈ మందును వైద్యులు జంకుచు ఇత్తురు. గుండె మరీ మందగించునేమో యని. యంత్రము ఉండుటచేతనే మాకు ధైర్యముగా నిచ్చిరి. ములుకోల చేతనుండగా పగ్గము బిగింపవచ్చును గదా. రెండవది రక్తమును గడ్డకట్టనీయనిది. ఈ రెండవ మందు ఎల్లరకును ఈయదగినది కాదు. యంత్రములో మాత్రమే కనబడు కొద్దిపాటి అలజడులను గూర్చి 2023లో రెండు పరిశోధనలు వెలువడినవి. ఈ మందు జాతివి రక్తస్రావమును పెంచుననియు, పక్షవాతమును కొంత తగ్గింపగలవనియు వానివలన తెలియుచున్నది. వయస్సు, రక్తపోటు, అలజడి ఎంతసేపు నిలుచుచున్నది మొదలగునవి తూచి వైద్యుడే నిర్ణయింపవలయును. మాకు నిర్ణయించిన పిమ్మట ఒక కట్టడి పెట్టిరి: మోకాలి నొప్పికని దుకాణములో మాత్రలు కొనరాదు, అడుగకుండ పిఱ్ఱకు సూదిమందు పొడిపించుకొనరాదు. ఊరిలో ఈ కట్టడిని నిలుపుకొనుట మందు మ్రింగుటకంటె కష్టముగా నున్నది.

దడయెల్ల ఈ జబ్బే యని మీరు తలంపరాదు. మా ఊరిలో కూరగాయలమ్ము ఇల్లా లొకరికి డబ్బీ వేసిరి. ఆమెకు ప్రతి ఉదయమును ఆటోలో పట్టణమునకు పోవునప్పుడు దడ. తిరుగు ప్రయాణములో బస్సెక్కి తారురోడ్డున వచ్చునప్పుడు లేదు. అంగళ్లవద్ద మోతలు మోయునప్పుడును లేదు. ఆమె ఈ సంగతిని ఇంత కచ్చితముగా గమనించి చెప్పుటచేత వైద్యులకు వెంటనే అర్థమైనది. కొన్ని యంత్రములలో దేహపు కదలికను పసిగట్టు భాగము ఉండును. మనిషి నడచుచున్నాడు, పరుగెత్తుచున్నాడు అని గ్రహించి అది గుండె వేగమును పెంచును. మన కంకర రోడ్డుమీది ఆటో కుదుపును అది పరుగు అనుకొన్నది! పరికరముతో ఆ భాగపు చురుకుదనమును తగ్గించిరి; దడ పోయినది. రోడ్డు మాత్రము అట్లే యున్నది. అది వైద్యుల పని కాదు, మన పని.

యంత్రమే కలిగించు దడ మరియొకటి కలదు. రెండు తీగల యంత్రములో, క్రింది అరకు పంపిన ప్రేరణ ఒక్కొక్కప్పుడు వెనుకకు మరలి పై అరకు చేరును. యంత్రము దానిని క్రొత్త దెబ్బగా భ్రమించి మరల ప్రేరణ పంపును. ఇట్లు గానుగ తిరిగినట్లు తిరుగుచు వేగము ఒకే కొలతన నిలుచును. దీనిని సరిచేయు అమరిక యంత్రములోనే కలదు. వైద్యుడు దానిని సవరించును. తీగ సడలినను, విరిగినను దడకంటె తల తిరుగుట, ఆగని వెక్కిళ్లు ముందుగా కనబడవచ్చును. బ్యాటరీ సాధారణముగా ఎనిమిది నుండి పండ్రెండేండ్లు పనిచేయును. అది ఒక్కసారిగా ఆరిపోదు. మార్చవలసిన కాలము మాసముల ముందుగనే పరీక్షలో తెలియును.

ఇక యంత్రముతో ఏమియు సంబంధము లేని దడలు: రక్తహీనత, జ్వరము, థైరాయిడు జబ్బు, ఎండలో నీరు లేక పని చేయుట, ఉబ్బసపు మందులు, కొన్ని జలుబు మాత్రలు, పొగాకు, సారాయి. అప్పుడప్పుడు ముందుగా కొట్టు ఒంటరి దెబ్బలు ఎల్లరకును ఉండును. గుండె ఒక దెబ్బ మానివేసినట్లు తోచి మరుదెబ్బ బలముగా తగులును. ఆ ముందు దెబ్బ మణికట్టునకు అందదు గనుక, లెక్కించినచో యంత్రమునకు ఏర్పరచిన సంఖ్యకంటె తక్కువ వచ్చినట్లు కనబడి భయపెట్టును. దేనికి ఏది కారణమో అరుగుమీద తేలదు, ఆర్.ఎం.పి. వద్ద తేలదు. యంత్రమును చదివించినగాని, ఇ.సి.జి. తీసినగాని తేలదు.

కావున దడ పుట్టినప్పుడు కూర్చుండవలెను. నిండుగా ఒక నిమిషము నాడి లెక్కింపవలెను. పదునైదు సెకండ్లు లెక్కించి నాలుగుచే హెచ్చించుట దెబ్బలు కొలత తప్పినప్పుడు పనికిరాదు. ఎన్ని, సమముగా నున్నవా లేదా, ఎప్పుడు మొదలైనది, ఎప్పుడు ఆగినది, అప్పుడేమి చేయుచున్నారు అను అయిదు ముక్కలు వ్రాసికొనవలెను. ఆ గడియను బట్టి వైద్యుడు యంత్రపు దినచర్యలో ఆ పుటను తీయును. దడ పోయినను ఆ వారములోనే చూపించుకొనవలెను. దడతోబాటు స్పృహ తప్పినను, రొమ్ము నొప్పి గాని, గట్టి ఆయాసము గాని కలిగినను, మూతి వంకర పోయినను, ఒకవైపు చేయి కాలు పడినను, మాట ముద్దయైనను, వ్రాసికొనుచు కూర్చుండరాదు, 108కి పిలువవలెను. దడ లేకయే నాడి ఏర్పరచిన సంఖ్యకంటె తగ్గి తల తిరిగినను అంతే.

సెల్‌ఫోను మాట యడుగుదురు. మా దడకు అది కారణము కాలేదు. అయినను ఫోనును డబ్బీకి జానెడు దూరమున, రెండవవైపు జేబులో ఉంచుకొనుట మంచిది. అయస్కాంతము గల పెద్ద లౌడుస్పీకరును రొమ్మున కానించి మోయరాదు. వెల్డింగు పనివాడు డబ్బీ వేయించుకొన్నచో ఆ పని మరల చేపట్టుటకు ముందు వైద్యుని అడుగవలెను. మిక్సీ, ఫ్యాను, టీవీలవలన భయము లేదు. వీనిని చూచి బెదరి మూలన గూర్చున్న వృద్ధులను మేమెరుగుదుము.

పంచాయతీ ఏమి చేయగలదని మీరడుగవచ్చును. మా ఊరిలో జరిగినది చెప్పెదము. మేము నలుగురమును ఇష్టపడి మా పేరులు ఆశా కార్యకర్త పుస్తకములో వ్రాయించితిమి. యంత్రపు రకము, అమర్చిన తేదీ, ఏర్పరచిన సంఖ్య, తరువాతి పరీక్ష తేదీ, ఇంతే. యంత్రముతోబాటు ఇచ్చిన కార్డు ఇంటి పెట్టెలో గాక జేబులో నుండవలెనని నియమము చేసికొంటిమి. ఆరు మాసములకో ఏడాదికో వచ్చు పరీక్ష తేదీన నలుగురమును ఒకే వాహనములో పోవుదుము. కూలి పోవునని, తోడు లేరని ఇదివరకు ఇద్దరు మానివేయుచుండిరి. దీనికి పంచాయతీ సొమ్ము పైసా ఖర్చు కాలేదు. తేదీ దగ్గరపడినప్పుడు జ్ఞాపకము చేయు బాధ్యత మాత్రము ఒక వార్డు సభ్యురాలు తీసికొనిరి.

దడతో సంబంధము లేకున్నను శ్మశానము మీ అధీనమున నుండుటచేత ఒక మాట. ఈ డబ్బీతో దేహమును దహనము చేసినచో లోని బ్యాటరీ పేలును. ముందుగా వైద్యునిచే తీయింపవలయును. మా వంతు వచ్చినప్పుడు మరువకుడని మా యింటివారితో చెప్పియుంచితిమి. వారు కోపపడిరి గాని, విన్నారు.

ఈ సంవత్సరములో మాకు దడ రెండుసార్లు వచ్చినది. రెండును వ్రాసికొంటిమి, రెండును యంత్రములో కనబడినవి, మందు కొలత ఒకమారు మార్చిరి. తరువాతి పరీక్ష వచ్చే మాసములో.

ఇప్పుడు నాడి లెక్కించుట ఇక్కడనే నేర్చుకొందము. ముందు వరుసలోని వారు ఎడమచేయి వెల్లకిల చాపుడు. బొటనవ్రేలి మొదట, మణికట్టు మడతకు రెండు వ్రేళ్ల దిగువ, కుడిచేతి చూపుడువ్రేలిని, నడిమివ్రేలిని మెత్తగా ఆనించుడు. బొటనవ్రేలితో పట్టరాదు, దానికి దాని నాడియే తగులును. గట్టిగా నొక్కవలదు. తగులుచున్నదా? తగులనివారు వ్రేళ్లను కొంచెము వెలుపలికి జరుపుడు. కార్యదర్శిగారు గడియారము చూచెదరు. వారు "కానిండు" అన్నప్పుడు మొదలుపెట్టుడు.